టన్ను ఇనుముకు ఒక నక్ష

మా దుకాణంలో టన్ను ఇనుము కొన్నవాళ్లకు ఇంటి నక్ష ఒకటి ఉచితంగా ఇచ్చేవాణ్ని. వనపర్తిలో ఇనుము, సిమెంటు అమ్మేవాళ్లకు కొదవ లేదు. ఒకాయన గిరాకీకి టీ తాగిస్తాడు, ఇంకొకాయన క్యాలెండరు ఇస్తాడు. టీ పూటకు, క్యాలెండరు ఏడాదికి. నక్ష అలా కాదు. దాని మీద ఇల్లు లేస్తుంది. ఆ ఇంటిని చూసి పక్కవాడు నిరంజన్ సేటు దుకాణం ఎక్కడని అడుగుతాడు.

అసలు నక్ష పెద్దమందడిలో ఉన్న మా ఇంటిది. పద్నాలుగేళ్ల కింద హైదరాబాదు నుంచి ఒక ఇంజనీరు వచ్చి, నేల చూసి వేసి ఇచ్చాడు. ముప్పై బై నలభై ఇల్లు, తొమ్మిది పిల్లర్లు, ఒక్కో పిల్లరు కింద నాలుగడుగుల ఇనుప జాలీ, ఐదడుగుల లోతు గుంత. ఇవాళ్టికీ మా గోడల మీద వెంట్రుకంత పగులు లేదు. అందుకని దాన్ని జిరాక్సు తీయించాను. అది నలిగిపోతే జిరాక్సుకు జిరాక్సు తీయించాను. ఈ కథ జరిగిన ఎండాకాలం నాటికి ఆ కాగితం మీద అరవై మూడు ఇళ్లు లేచాయి. ఒక్కటీ కూలలేదు. ఇటు గద్వాల, అటు నాగర్‌కర్నూలు, నడుమ వనపర్తి, ఈ మూడు జిల్లాల్లో ఇంతమందిని పడుకోబెట్టిన కాగితం ఇంకొకటి లేదని నేను గర్వంగానే చెప్పుకునేవాణ్ని.

ఏప్రిల్ ఆఖర్న ఇస్రాయేలు, ఆయన భార్య సారమ్మ వచ్చారు. వీపనగండ్ల వాళ్లు. ముప్పై ఏళ్లు బొంబాయి, పుణె, సోలాపూర్‌లలో మట్టిపని చేసి, ఊళ్లో జాగా కొనుక్కుని వచ్చారు. ఆయన చేతులు చూస్తే పార పిడికీ ఆ వేళ్లకూ తేడా తెలియదు.

"సేటూ, ఇనుము సంగతి తర్వాత. ముందుగాల నీ కాగితం చూపియ్యి" అన్నాడు ఇస్రాయేలు.

"కాగితం ఊకెనే వస్తదన్నా. దాని ఎన్కనే ఇనుము వస్తది."

"మంది ఇండ్లకు ముప్పై ఏండ్లు గుంతలు తవ్విండు సేటూ" అంది సారమ్మ నవ్వుతూ. "సొంతిల్లు అనంగనే కాగితం గావాల్నంట. ఏడ కూసున్నా గదే ముచ్చట. నిరంజన్ సేటు కాగితం, నిరంజన్ సేటు కాగితం."

"మరి ఉండాలె గద. పెద్ద పెద్ద బిల్డింగులకు అన్నిటికి కాగితమే ఉంటది. కాగితం లేకుంటె ఇంజనీరు మమ్మల్ని పార ముట్టనియ్యకుండె."

సారమ్మ నవ్వడం ఆపి నా వైపు తిరిగింది. "జర మంచిగ చూసియ్యి సేటూ. మల్ల కట్టే వయసు లేదు మాకు. కడితే ఒక్కటే పాలి."

ఈ మాట ఇల్లు కట్టేవాళ్లందరూ అంటారు. నేను అందరికీ చెప్పినట్టే ఆమెకూ చెప్పాను. "అరవై మూడు ఇండ్లమ్మా. మీది అరవై నాలుగు."

ఇనుము కోయించి జాలీలు కట్టించే పని మా తమ్ముడు మధుది. దుకాణంలో గల్లా నాది, తూకం, లోడు, కోత వాడివి. తొమ్మిది జాలీలూ కట్టించి వారం లోపల వీపనగండ్లకు తోలేశాడు. ఇంటి జాగాలో గుంతలు ఇస్రాయేలు, సారమ్మే తవ్వుకున్నారు. పరాయి కూలీ చెయ్యి పడొద్దని ఆయన పట్టు.

మే నెల మధ్యలో సిమెంటు లోడుతో నేనూ మధూ వెళ్లాం. మర్నాడే పునాదుల్లో కాంక్రీటు పోత. ఇస్రాయేలు జాగా నల్లరేగడి. వెనక ఒక పొలం దాటితే కాలువ. ఆ కాలువలోకి నీళ్లు వచ్చి రెండేళ్లే అయింది. అంతకుముందు ఆ నేల వానకు తప్ప తడిసింది లేదు. తొమ్మిది గుంతలు నూలు పట్టి కోసినట్టున్నాయి, అంచులు కూడా రాలలేదు. మమ్మల్ని చూసి ఇస్రాయేలు ఒక గుంతలోకి దిగి గడ్డపార ఎత్తి వేశాడు. ఖణేల్‌మంది.

"ఇన్నవా సేటూ? రాయి దొరికినట్టే."

మా వైపు పునాది గుంత సరిపోయిందా లేదా అని చెప్పేది గడ్డపారే. మోగితే గట్టి మట్టం, మోగకపోతే ఇంకో అడుగు. నేనూ అలాగే చెప్పేవాణ్ని. బాగుందని తల ఊపుతున్నాను.

"ఎండాకాలం మోగుతది నాయినా. వానాకాలం మోగుతదా?"

ఆ మాట అన్నది ఇస్రాయేలు కూతురు శిల్ప. పునాదుల చదువే ప్రత్యేకంగా ఎంటెక్ చేసి, హైదరాబాదులో మట్టి పరీక్షలు చేసే చోట ఉద్యోగం చేస్తోంది. మర్నాటి ప్రార్థనకని సెలవు పెట్టి వచ్చింది. బస్సు దిగి నేరుగా గుంతల దగ్గరికే వచ్చినట్టుంది, భుజాన బ్యాగు అలాగే ఉంది.

నా నక్ష అడిగి తీసుకుంది. రెండు పక్కలా తిప్పి చూసింది.

"అంకుల్, ఇది ఏ నేలకు ఏసింది?"

"నేలకు గాదు బిడ్డా, ఇంటికి ఏసింది."

"ఇల్లు నేల మీదనే గద ఉండేది."

సారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శిల్ప కాగితం అడుగు అంచు ఎండకు పెట్టి చూపించింది. అక్కడ ఒక వరుస అక్షరాల నెత్తి భాగాలు మాత్రం కనబడుతున్నాయి. మిగతాదంతా జిరాక్సులో ఎగిరిపోయింది. పద్నాలుగేళ్లలో నేను ఆ వరుసను చూడలేదంటే అబద్ధం. చూశాను. నక్షలో పనికొచ్చేది బొమ్మ, అంచు కాదు అనుకున్నాను.

"అసలుది ఉందా అంకుల్?"

అసలుది ఇంట్లో ఉంది. నా భార్య సుహాసినికి ఫోను చేశాను. ఆమె బీరువా తీసి, వెతికి, కింది వరుస ఇంగ్లీషులో ఒకసారి చదివి, తర్వాత తెలుగులో చెప్పింది. ఈ లెక్క ఎర్రమొరం నేలకు మాత్రమే. వేరే నేలలో కట్టేటట్టయితే మట్టి పరీక్ష చేయించి పునాది మళ్లీ లెక్క కట్టాలి.

"ఏందయ్యా, ఇన్నేండ్లు పంచినవు, ఇది సదవనే లేదా?" అంది ఫోనులో. స్పీకరులో పెట్టి ఉండటం వల్ల అందరూ విన్నారు.

వ్యాపారంలో దొరికిపోయినప్పుడు సరుకు పెంచి చూపాలి. "సరే బిడ్డా, నేల జర మెత్తగున్నది అనుకుందాం. జాలీ పెద్దది చేద్దాం. పన్నెండు ఎంఎం సలాక బదులు పదహారు వేద్దాం. పెరిగిన ఇనుము నా లెక్కల రాసుకుంట. ఇల్లు దిగబడితే నన్నడుగు."

"దిగబడదు అంకుల్. లేస్తది."

నేను నవ్వాను. మధు ఇంకా గట్టిగా నవ్వాడు. ఇటుక, ఇసుక, స్లాబు కలిపి ఆ ఇల్లు ఎంత బరువో నేను నిలబడి నోటితో చెప్పగలను. నూటయాభై టన్నులకు తక్కువ ఉండదు. అదే చెప్పాను. "నూటయాభై టన్నులను మన్ను లేపుతదా? గదేమన్న పూరీనా?"

"మొత్తం ఒక్కసారి లేపితే నాకూ పరేషాన్ లేకుండె. ముందుగాల వాన తడి తగిలిన అంచును లేపుతది. నడుమ అట్లనే ఉంటది. ఎండాకాలం మల్ల ఇడుస్తది. ఏడాదికి ఒకపాలి ఎత్తి కుదేస్తే ఏ గోడ ఆగుతది? మీరు ఇనుము ఎంత పెంచినా ఇల్లు గట్టిగైతది గాని కింద మన్ను మారదు గద."

"రేపు పోత. కాంక్రీటు మిల్లర్ మాట్లాడిన, కూలీలు పొద్దుగాలనే వస్తరు" అన్నాడు మధు నాతో, ఆమెకు వినబడేలా. "ఈ చదువులన్నీ విన్నమంటే మనం ఉప్పు అమ్ముకోవాలె అన్నా."

ఇస్రాయేలు గుంతలోంచి ఎక్కి రాలేదు. గడ్డపార మీద చేతులు పెట్టుకుని కూతురినీ నన్నూ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆయనకు కూతురి మీద నమ్మకం లేక కాదు. నా కాగితం మీద ఎక్కువ ఉంది. ఆ చూపును నేను తట్టుకోలేకపోయాను.

"ఒక్క దినం ఆగుదాం" అన్నాను. "రుజువు చెయ్యి బిడ్డా. నాకు కండ్లకు గనబడాలె."

ఆ సాయంత్రం మా దుకాణం బల్ల మీద రుజువు మొదలైంది. తెలిసిన లెక్చరర్ దగ్గర శిల్ప గీతలున్న గాజు జాడీలు రెండు తెచ్చింది. గుంతలోని మట్టి ఎండబెట్టి, దంచి, సన్న జల్లెడ పట్టింది. పది గ్రాముల చొప్పున రెండు పొట్లాలు కావాలంది. నా కాటా మీద పది గ్రాములకు ముల్లు కదలదు. పక్క దుకాణం కంసాలిని అడిగి బంగారం తూచే కాటా తెచ్చాను. తూకం మాత్రం నేనే వేశాను. ఒక జాడీలో కిరసనాయిలు, ఇంకోదాంట్లో నీళ్లు. రెంటిలోనూ మట్టి పోసి, కలిపి, కదిలించకుండా ఒక రోజు వదిలేయాలి.

"కిరసనాయిల్‌ల మన్ను ఉబ్బదు. నీళ్లల ఎంత ఉబ్బుతదో తేడా చూస్తం" అంది శిల్ప.

"ఇది దుకాణమా, దవాఖానా?" అన్నాడు మధు.

మర్నాడు సాయంత్రం వంగి చూశాను. కిరసనాయిల్లో మట్టి పదకొండో గీత దగ్గర కూర్చుంది. నీళ్లలోది ఇరవై ఒకటో గీత దాకా పొంగింది. నాకు లెక్క ఒకరు చెప్పక్కర్లేదు. పదకొండు మీద పది పెరిగింది, అంటే నూటికి తొంభై.

"కోడ్ పుస్తకంల యాభై దాటితేనే చాలా ఎక్కువ కింద రాస్తరు అంకుల్" అంది శిల్ప. "మీకు అర్థం గావాలని ఇది మోటుగ చేసిన. ల్యాబుల మంచిగ చేసిన లెక్క గూడ తెప్పిస్త. పెద్ద తేడా రాదు."

నా తూకం, నా బల్ల, నా కళ్లు. బేరానికి సందు లేదు. తల ఎత్తితే మధు కూడా ఆ నీళ్ల జాడీనే చూస్తున్నాడు. వాడు ఏం చూస్తున్నాడో నాకు తెలుసు.

రెండేళ్ల కింద మధు కొల్లాపూర్ రోడ్డులో ఇల్లు కట్టుకున్నాడు. నక్ష నాదే. నేల నల్లది. ఆ ఇంటి ముందర తలుపు జూలైలో బిగుసుకుపోతుంది, భుజం పెట్టి తోస్తే గాని రాదు. మార్చి వచ్చేసరికి అదే తలుపు పైన అరచెయ్యి దూరేంత సందు. ఆ తలుపు చేసిన వడ్ల మల్లన్న మూడుసార్లు వచ్చి చిత్రిక పట్టాడు. మూడోసారి మధు ఆయన్ను పచ్చి కట్టె అంటగట్టిన దొంగ అన్నాడు, నడి వాకిట్లో, నలుగురి ముందు. పక్కన నిలబడి నేనూ అవునన్నాను.

"తలుపు తప్పు గాదు" అన్నాను నెమ్మదిగా.

మధు మొహం ఎర్రబడింది. "అయితే ఏమంటవ్ అన్నా? ఈ సీసాలు పట్టుకొని అరవై మూడు ఇండ్లు తిరుగుతవా? మన షటరు మనమే దించుకున్నట్టు."

"అరవై మూడు గాదు." నేను కళ్లు మూసుకుని ఒక్కొక్క లోడు గుర్తు చేసుకున్నాను. ఏ ఊరికి పోయిన లారీ టైర్లకు ఎర్రమట్టి పట్టుకుని వచ్చింది, ఏ ఊరి నుంచి వచ్చినప్పుడు క్లీనర్ నల్లబురద గీకుతూ కూర్చున్నాడు. దుకాణం నడిపేవాడికి ఇవి మరిచిపోయే సంగతులు కావు. "పందొమ్మిది. నీదాంతో కలిపి."

వాడు బల్ల మీద మిగిలిన మట్టి పొడి చేత్తో తుడిచేశాడు.

"ముందు ఇస్రాయేలుది చూద్దాం. జాలీలు బండికెక్కించి వాపస్ తెప్పియ్యి."

కోసి, వంచి, కట్టిన ఇనుము వెనక్కి తీసుకునే దుకాణం నేను ఎరిగినంతలో లేదు. మధు ఒక క్షణం నన్ను చూశాడు. జేబులోంచి లారీ తాళం తీసి బల్ల మీద, రెండు జాడీల మధ్య పెట్టి, టీకి పోయాడు. నేను డ్రైవరును పిలిచాను.

రెండు రోజుల్లో శిల్ప కొత్త నక్ష వేసింది. ల్యాబులో తన పెద్ద సారుకు చూపించి సంతకం కూడా పెట్టించింది. దాన్ని సారమ్మ వాళ్ల రేకుల గుడిసె ముందు మంచం మీద పరిచాం. నేల మీద పన్నెండు చోట్ల అడుగు వెడల్పు రంధ్రాలు. ఒక్కోటి పన్నెండడుగుల లోతు. నల్లమట్టి ఎనిమిదడుగులు, ఆ కింద పసుపు మొరం, అందులోకి దిగాలి. అడుగున రంధ్రం రెండున్నర అడుగులకు ఉబ్బి ఉంటుంది, కుండ కడుపులా. ఆ స్తంభాల తలల మీద బీము, బీము మీద గోడలు. బీముకూ నేలకూ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ. కావాలనే వదిలిన ఖాళీ.

"ఇల్లు గాల్లనా?" అంది సారమ్మ.

"మన్ను లేస్తదని తెల్సినంక దానికి లేసే జాగా ఇయ్యాలె గదమ్మా."

ఇస్రాయేలు అడుగున ఉన్న ఉబ్బు మీద వేలు పెట్టాడు. పెట్టి, చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"ఓరి, ఇది గొడుగు పని గద!"

"గొడుగేంది?" అన్నాను.

"సోలాపూర్‌ల మూడేండ్లు తిప్పిన సేటూ. ముందుగాల మన్ను దొలిచే బర్మాతోని సక్కగ బొంద తీస్తం. ఎన్క గొడుగు దించుతం. ఇనుప దండె, దాని కింద మడిసిన రెక్కలు, రెక్కల కింద బకిట్టు. పైన నలుగురు పట్టుకొని గానుగ తిప్పినట్టు తిరిగితే, కింద రెక్కలు గొడుగు లెక్క ఇచ్చుకొని మన్ను కోస్తయి. దండె మీద గీత నేలకు సమానం వస్తే కింద కడుపు తయారైనట్టు. ఆడ గూడ గిదే నల్ల మన్నే."

అంతా విని నేను ఉండబట్టలేకపోయాను. "అయితే నీకు మొత్తం తెల్సు గదన్నా! నల్లమన్నుల ఏం చెయ్యాల్నో మూడేండ్లు చేతుల తోని చేసినవ్. మరి నీ సొంతింటికి ఈ ఐదడుగుల గుంతలెందుకు తవ్వుకున్నవ్?"

ఆయన నన్ను చిత్రంగా చూశాడు, అడగాల్సిన మాట కాదన్నట్టు.

"నీ కాగితంల అట్ల లేకుండె గద సేటూ."

నాకు మాట సాయం చేసేవాళ్లు ఆ మంచం చుట్టూ ఒక్కరూ లేరు. నేను జేబులోంచి ఫోను తీసి, సోలాపూర్‌లో ఆ సామాను ఇంకా ఎవరి దగ్గర దొరుకుతుందని ఇస్రాయేలును అడిగాను.

పాత మేస్త్రీ ఒకడి పాకలో దొరికింది. సోలాపూర్ నుంచి మా మార్కెట్టుకు వారానికి రెండు ఉల్లిగడ్డ లారీలు వస్తాయి. ఒక ఫోనుతో గొడుగు ఉల్లిగడ్డ బస్తాల మీద పడుకుని నాలుగో రోజుకు దిగింది. ఎవరికి ఏ పని చేతనవునో దాంతోనే సాయం చేయాలి. నాకు చేతనైంది సరుకు తెప్పించడం.

తవ్విన గుంతలను మొరంతో పూడ్చి, పునాది గీతల ముగ్గును మూడడుగులు పక్కకు జరిపాం. సారమ్మకు అది రుచించలేదు. తవ్వకం మొదలుపెట్టిన రోజు పాస్టరు దానియేలయ్య ప్రార్థన చేసింది పాత ముగ్గు మీద.

"మూడడుగుల దూరానికి దేవునికి అడ్రసు దొరకదంటవా సారమ్మా?" అన్నాడు పాస్టరు. అన్నాడే గాని, కొత్త ముగ్గులో నిలబడి ఇంకో పావుగంట ప్రార్థన చేశాకే కదిలాడు.

జూన్ మొదటి వారంలోగా వాన పడుతుంది. చేతిలో పన్నెండు రోజులు, తీయాల్సినవి పన్నెండు బొందలు. ఇస్రాయేలు ఊళ్లో ముగ్గురిని తీసుకుని తిప్పడం మొదలుపెట్టాడు. పుణెలో ఇంజనీర్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి ఇక్కడ శిల్పకే పాఠం చెప్తున్నాడు. "మోత మారింది, మొరం తగిలింది. ఇంగ జర మెల్లగ." ఆమె రాసుకుంటోంది. మూడో రోజున ఒక కూలీ రాలేదు. గొడుగు తిప్పే నాలుగో పిడి ఖాళీగా ఉంది. నేను పట్టుకుందామని చొక్కా చేతులు మడుస్తుంటే వెనక నుంచి మధు వచ్చి పట్టుకున్నాడు. దుకాణంలో నాతో మాట్లాడి అప్పటికి తొమ్మిది రోజులు.

అలా తిరుగుతూనే అడిగాడు. "మేడం, కట్టిన ఇంటికి గిది పెట్టొచ్చునా?"

"మేడం ఏంది అన్నా, శిల్ప అను. కట్టినదానికి గిది కష్టం. అయితే నీళ్లు గోడ దగ్గరికి రానియ్యకుండా చెయ్యొచ్చు. చుట్టూ నాలుగడుగుల బండలు పరిపియ్యి, బయటికి వాలు ఉండాలె. స్నానాల నీళ్లు ఏడికి పోతున్నయి?"

"గోడ పొంటనే. జామచెట్టుకు."

"పైపేసి దూరం పంపు. జామచెట్టు గూడ గోడకు దగ్గరుంటే తీసెయ్యాలె."

"అది మా గీత పెట్టిన చెట్టు. నన్నే తీసేస్తది." గీత మధు భార్య. దండె పట్టుకున్నవాళ్లంతా నవ్వారు, వాడితో సహా. "మొత్తం ఆగుతదా?"

"ఆగదు. శానా తగ్గుతది."

పది బొందలు పోశాక వాన వచ్చింది, మేం అనుకున్న గడువు కన్నా రెండు రోజుల ముందు. ఇంకా పోయని రెండింటి మీద రేకులు కప్పినా లోపలికి నీళ్లు దిగాయి. మధు అలాగే పోసేద్దామన్నాడు. ఇస్రాయేలు ఒప్పుకోలేదు. నీళ్లు తోడించి, అడుగున మెత్తబడ్డ బురద బకెట్టుతో గీకించి, చేతిలో పొడి మొరం పడేదాకా ఆగాడు. అప్పుడు గాని కాంక్రీటు దించనివ్వలేదు. కాగితంలో ఆ మాట లేదు. నేను వెతికాను.

బీములు పడ్డాక ఊళ్లో జనం వంగి వంగి కింది సందు చూసిపోయేవాళ్లు. నేను మాత్రం శిల్ప రాసిచ్చిన జాగ్రత్తల కాగితం, అంచులు ఎగిరిపోకుండా అచ్చు వేయించి, మిగతా పద్దెనిమిది ఇళ్లకు బయల్దేరాను. నాగర్‌కర్నూలు దగ్గర రేణుకమ్మ అని ఒకావిడ. గోడ పగిలిందని వాస్తు చూపించి వాకిలి రెండుసార్లు తిప్పించిన మనిషి. నేను చెప్పింది మొత్తం విని, "అయితే మా ఇంటికి శని దిక్కుల లేడు, నీ దుకాణంలనే ఉన్నడన్నట్టు" అంది. అని, చల్ల తెచ్చి ఇచ్చింది. ఇద్దరు నా మొహం మీద తలుపు వేయబోయారు. ఆ తలుపులూ సరిగా పడలేదు. ఆరుగురు ఆ తర్వాత ఇనుము వేరే దుకాణంలో కొన్నారు. బండలు మాత్రం పద్నాలుగు ఇళ్లవాళ్లు పరిపించుకున్నారు. నా లెక్కలో అది నష్టం కాదు.

వడ్ల మల్లన్న దగ్గరికి మధు ఒక్కడే పోయాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. వచ్చేటప్పుడు మాత్రం వాడి మోటారుసైకిలు వెనక మల్లన్న కూర్చుని ఉన్నాడు.

జూలైలో ఒకరోజు అన్నం తింటూ మధు చెప్పాడు, ఇక తూకం దగ్గర నిలబడనని. గొడుగు తను ఉంచుకుంటానని, ఇస్రాయేలుతో కలిసి పునాదుల పని పడతానని. నాన్న పోయినప్పటి నుంచి మేమిద్దరం ఒకే షటరు కింద ఉన్నాం. నేను పప్పు కలుపుతూ ఉండిపోయాను.

"మరి ఇనుము ఎవరి దగ్గర కొంటవు?" అని అడిగింది సుహాసిని.

"నాలుగు దుకాణాల్ల రేటు అడుగుత వదినా. తక్కువున్న కాడ కొంట."

"మీ తమ్ముడే, డౌటు లేదు" అంది ఆమె నాతో.

ఆగస్టు ఆఖర్న ఎనిమిది రోజుల ముసురు. ఇస్రాయేలు ఇంటికి గోడలు లేచి, స్లాబు పడి, ఇంకా సున్నం పడలేదు. వాన కాస్త తెరిపి ఇవ్వగానే నేనూ మధూ వెళ్లాం. జాగా అంతా బంకబురద. ఒక్కో అడుగుకు చెప్పు రెండు కిలోలు తూగుతోంది. కొంచెం అవతల, ఎవరో ఎండాకాలంలో మామూలుగా కట్టుకున్న ప్రహరీగోడ నడుమకు చీలి, చీలికలోంచి అటువైపు పొలం కనబడుతోంది.

సారమ్మ బీము పక్కన బురదలో గొంతుకూర్చుని ఉంది. సందులో చెయ్యి పెట్టి చూస్తోంది.

"ఎన్ని?" అన్నాను.

"మేము పోసినప్పుడు నాలుగు వేళ్లు పడుతుండె సేటూ. ఇప్పుడు రెండే. మూడోది పోతలేదు." చెయ్యి బయటికి తీసి చీరకు తుడుచుకుంది. "మన్ను లేసింది."

అందరం తల ఎత్తి గోడలు చూశాం. నేను చుట్టూ రెండుసార్లు తిరిగాను. ఇటుకల మధ్య దరుజుల్లో గోరు పెట్టి చూశాను. మూలలు చూశాను, కిటికీల కింద చూశాను. సరుకులో తప్పు పట్టడానికే వచ్చిన గిరాకీలా చూశాను. ఎక్కడా ఏమీ దొరకలేదు. మధు సారమ్మ పక్కన కూర్చుని, తనూ ఒకసారి సందులో చెయ్యి పెట్టాడు. చాలాసేపు తీయలేదు.

లోపల మొరం నేల మీద చాప పరిచారు. టీ తాగుతుంటే ఇస్రాయేలు ఫోను మోగింది. తడి చేతులతో స్పీకరులో పెట్టాడు. ఏటా వీళ్లను పుణె తీసుకుపోయే గుంపు మేస్త్రీ సాంసన్. వీపనగండ్లలోనే పుట్టి, పుణెలో స్థిరపడినవాడు.

"అన్నా, ఇల్లు అయిపోయిందంట గద. దసరా ముందరనే ఎక్కు. ఈపాలి పెద్ద పని ఉన్నది. నీ పేరు రాసి పెట్టిన."

"కొట్టెయ్యి" అన్నాడు ఇస్రాయేలు.

"ఏంది?"

"పేరు కొట్టెయ్యి. నేనొస్తలేను. ఈడ ఇప్పటికే ఐదు పునాదులు ఒప్పుకున్నం, చేతులు సాలుతలేవు. నీ తాన గొడుగు తిప్పినోళ్లు పాతోళ్లు ఎవరన్న ఉంటే ఒక నలుగుర్ని తోలియ్యి."

అవతల పుణె రోడ్డు మోత. లారీ హారన్లు, ఎవరో మరాఠీలో అరుస్తున్న గొంతు.

"నలుగుర్నా?" అన్నాడు సాంసన్. "నేనొస్త గాని... ఏ ఊరికి రావాలె?"

ఇస్రాయేలు టీ గ్లాసు కింద పెట్టాడు.

"మన ఊరికే" అన్నాడు.